అలిసిన చోట చుక్క

మా పెద్దమ్మ పోయిందని నాకు కాలేజీలో తెలిసింది. మధ్యాహ్నం క్లాసు జరుగుతుండగా అటెండరు వచ్చి లెక్చరరుగారి చెవిలో ఏదో చెప్పాడు. ఆయన నా వైపు చూసి, "మీ నాన్నగారు గేటు దగ్గరున్నారంట, బ్యాగు తీసుకుని వెళ్ళమ్మా" అన్నారు. నాన్న ఫ్యాక్టరీ డ్రెస్సులోనే వచ్చేశాడు. నన్ను చూసి "పెద్దమ్మ..." అని ఆగిపోయాడు. తర్వాతి మాట అవసరం లేకపోయింది. నందిగామ నుంచి చిల్లకల్లు దాకా బండి మీద వెళ్ళాం. నాకు ఏడుపు రాలేదు. ఒంట్లో ఓపికంతా ఎవరో తోడేసినట్టు ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా అలాగే ఉంది.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. లెక్కల టీచరు. జగ్గయ్యపేట చుట్టుపక్కల హైస్కూళ్ళలో పనిచేసి, రిటైరయ్యాక చిల్లకల్లులో ఒక్కతే ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. పోయినవాళ్ళ కుటుంబాన్ని ఓదార్చడానికి చర్చిలో పెట్టే ఆదరణ కూడిక రోజు పాస్టరుగారు కుటుంబం నుంచి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. కథల పుస్తకాలు చదివే పిల్లని కదా అని అందరూ నన్నే ముందుకు తోశారు. మైకు పట్టుకుని నిలబడ్డాను. ఈ మధ్య నాకు మాటలంటే చాలా ఇష్టం. కొత్త మాట దొరికితే నోట్లో చాలాసేపు ఉంచుకుంటాను. ఆ పూట వాటిలో ఒక్కటీ పైకి రాలేదు. "మా పెద్దమ్మ మంచిది" అని కూర్చున్నాను. ఆమె గురించి మీకు చెప్పవలసింది అంతకంటే ఎక్కువే ఉంది.

ఆమె ఎర్ర పెన్ను ముట్టుకునేది కాదు. లెక్క చేస్తూ ఆరాధనలో పాడే పాటలు సన్నగా పాడుకునేది. లెక్క చిక్కుపడితే పాట ఆగిపోయేది, విడిపోగానే ఆగిన చోటు నుంచే మొదలయ్యేది. టీ చల్లారాక తాగేది. అమ్మ కోప్పడితే, "వేడిగా తాగితే ఎవరో తరుముతున్నట్టు ఉంటదే" అనేది.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉండేది. పదో తరగతి అయిపోయిన పిల్లలు "మేడం, ఏ గ్రూపు తీసుకోవాలి?" అని ఆమె ఇంటికి వచ్చేవాళ్ళు. ఆమె జవాబు చెప్పేది కాదు. ఇంటర్ లెక్కల పుస్తకంలో మొదటి పాఠం చెప్పి, కొన్ని లెక్కలు ఇచ్చేది. చేస్తూ చేస్తూ ఎక్కడ ఓపిక పోయిందో ఆ లైను పక్కన పెన్సిలుతో చుక్క పెట్టమనేది. ఫిజిక్సులో కొన్ని, కెమిస్ట్రీలో కొన్ని కూడా అలాగే చేయించేది. కాగితం తిరిగి ఇస్తే తప్పొప్పులు తర్వాత చూసేది. ముందు చుక్కలు చూసేది.

"ఆన్సరు వచ్చింది సరే, ఎక్కడ అలిసిపోయావు?" ఆమె ప్రతి పిల్లనీ అడిగిన ప్రశ్న ఇదే.

చివరి లైన్లలో చుక్క పడితే ఆమెకి దిగులు లేదు. నడిచినవాళ్ళు అలుస్తారు కదా అనేది. మొదటి లైను పక్కనే, ప్రతి లెక్కకీ చుక్క పడితే మాత్రం కాగితం పక్కన పెట్టి, "దీంతో రెండేళ్ళు ఉండగలవా? ఆలోచించుకో" అనేది.

ఈ పద్ధతి ఎలా వచ్చిందో ఒకసారి అడిగితే చెప్పింది. చాలా ఏళ్ళపాటు ఆమె కూడా అందరిలాగే, లెక్కల్లో మార్కులు వచ్చిన ప్రతి పిల్లనీ ఎంపీసీలో చేరమని పంపేది. ఒక రోజు సాయంత్రం చిల్లకల్లు బస్టాపులో ఆమె స్టూడెంటు ఒకమ్మాయి హాస్టలు ట్రంకు పెట్టె మీద కూర్చుని కనిపించింది. చదువు మధ్యలో వదిలేసి వచ్చేసింది.

"ఏమ్మా, లెక్కలు రావట్లేదా?" అని అడిగిందట పెద్దమ్మ.

"లెక్కలు వస్తున్నాయి మేడం. పొద్దున లేవడమే రావట్లేదు."

ఈ మాట చెప్పాక పెద్దమ్మ, "స్కూలంతటికీ ఫస్టు వచ్చిందే అది. దాన్ని ఎప్పుడైనా అలిసిపోయావా అని అడిగానా? అడగలా" అంది.

నా వంతు వచ్చేటప్పటికి ఆమె గుండె బలహీనపడింది. నేను పదో తరగతి సగంలో ఉండగానే విజయవాడ కాలేజీల పీఆర్వోలు అడ్మిషన్ల కోసం జగ్గయ్యపేటలో మా ఇంటికి రావడం మొదలైంది. అమ్మ టీలు పెట్టేది, వాళ్ళు పాంప్లెట్లు పెట్టేవాళ్ళు. నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. వాళ్ళలో ఒకాయనకి, "మా అమ్మాయి ఎంపీసీ, మీ హాస్టల్లోనే" అని మాటిచ్చేశాడు. నేనేమో లెక్కలు పూర్తిగా వదిలేసి హెచ్ఈసీలో చేరి, హాయిగా పుస్తకాలు చదువుకోవాలని మనసులో నిర్ణయించుకున్నాను. పెద్దమ్మ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. లెక్కల టీచరు కాబట్టి తన వైపే మాట్లాడుతుందని నాన్న ధైర్యం. నన్ను ముద్దు చేస్తుంది కాబట్టి నా వైపే అని నా ధైర్యం.

ఆమె ఇద్దరి మాటా వినకుండా నాకు పెన్సిలు ఇచ్చింది.

ఆ వేసవి సెలవుల్లో రోజూ బస్సెక్కి చిల్లకల్లు వెళ్ళాను. ఆమె వరండాలో పడక్కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని పాఠం చెప్పేది. ఆయాసం వచ్చినప్పుడు చెయ్యి ఎత్తేది. నేను ఆగేదాన్ని. నేను ఇంగ్లీషు మీడియం. ఆమె తెలుగు మీడియంలో చెప్పిన మనిషి. ఫంక్షన్ అని నేను చదివితే ప్రమేయం అనేది. డొమైన్ ప్రదేశం, ఇన్వర్స్ విలోమం. ఆ మాటలు విని నేను పుస్తకం మూసేసి పైకి అనుకుంటూ కూర్చుంటే నవ్వింది.

"మాటల పిచ్చిదానివి గదా. ఇవి మాటలు కావా? ఎవరో కూర్చుని, తలలు బద్దలుకొట్టుకుని మనకోసం చేసినవే. మాటలంటే ఇష్టమైతే లెక్కలు వదిలెయ్యాలని నీకెవరు చెప్పారే?"

ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను.

పాఠాలు అయ్యాక ఒక ఆదివారం నాన్ననీ అమ్మనీ పిలిపించింది. నా కాగితాలు ముందు పెట్టింది. లెక్కల్లో నా చుక్కలన్నీ చివర్లో ఉన్నాయి. ఫిజిక్సు, కెమిస్ట్రీల్లో మొదటి లైను దాటలేదు.

"దీనికి ఎంఈసీ" అంది. లెక్కలు, ఎకనామిక్స్, కామర్సు. "హాస్టలొద్దు. నందిగామలో చేర్పించు. ఇంటి నుంచి పోయొస్తది."

"చుక్కలు చూసి గ్రూపు చెప్తారా వదినా?" అన్నాడు నాన్న.

"మరి పాంప్లెట్లో ఫొటోలు చూసి చెప్పమంటావా?"

అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న నవ్వలేదు.

"ఎంఈసీ అంటే ఇంజనీరింగు ఎంట్రన్సు రాయడానికి లేదుగా?"

"లేదు. ఆ దారి మూసుకున్నట్టే. నీకు దాచిపెట్టి చెప్పను. లెక్కలున్నాయి కాబట్టి ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ ఉంటాయి, పెద్ద యూనివర్సిటీల్లో అడ్మిషన్‌కి పనికొస్తది. అందుకే అది కోరుకున్న హెచ్ఈసీకి కూడా నేను ఒప్పుకోలా. చూడు, మీ ఇద్దరికీ నా మీద కోపమే."

నిజమే, నాకూ కోపంగానే ఉంది.

"షిఫ్టులు చేసి చేసి చస్తన్నా వదినా," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి. "ఇదన్నా ఇంజనీరయ్యి నీడపట్టున కూర్చుంటదని నా ఆశ."

"నువ్వు అలిసిపోయావు, నాకు తెలుసయ్యా. నీ అలుపుకి అది మందెట్లా అవుద్ది?"

నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. ఇంటికొచ్చాక పీఆర్వో ఫోను చేస్తే ఎత్తలేదు. అడ్మిషన్ల గడువు దగ్గర పడేకొద్దీ మా ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.

చివరికి ఒక ఉదయం, "పద, నందిగామ కాలేజీ చూసొద్దాం. చూడ్డానికే" అన్నాడు. పెద్దమ్మ చిల్లకల్లులో బస్సెక్కింది. ప్రయాణాలు వద్దని డాక్టరు చెప్పిన సంగతి మాకప్పుడు తెలియదు. కాలేజీ మెట్ల మీద సగంలో కూర్చుండిపోయింది. లోపలికి వచ్చాక గోడ పక్కన బల్ల మీద కూర్చుని, "నేను నోరు తెరవను. నీ కూతురు, నీ ఇష్టం" అంది నాన్నతో. అన్నట్టే తెరవలేదు.

కౌంటరులో క్లర్కు తల ఎత్తకుండా అడిగాడు: "గ్రూపేంటండీ?"

నాన్న నా వైపు చూశాడు. నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. వెనక క్యూలో వాళ్ళు విసుక్కుంటున్నారు. నాన్న ఎంపీసీ అంటాడనే అనుకున్నాను.

"ఎంఈసీ రాయండి" అన్నాడు నాన్న. మళ్ళీ అనుమానం వచ్చినట్టు ముందుకు వంగాడు. "లెక్కలుంటాయిగా అందులో?"

"ఉంటాయండీ."

"ఉంటాయిగా?"

"ఎమ్ అంటే లెక్కలేనండీ బాబూ" అన్నాడు క్లర్కు.

ఇప్పుడు రోజూ జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చి పోతున్నాను. బస్సులో నిలబడి చదువుతాను. కొన్ని రోజులు నాకూ మొదటి లైనులోనే ఓపిక పోతుంది. అలాంటప్పుడు ఆమె దగ్గరికి వెళ్ళి ఆ సంగతి చెప్పుకునేదాన్ని. ఏ యూనివర్సిటీలో సీటు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఆమె ఎప్పుడూ వస్తుందని చెప్పలేదు. "సీటు సంగతి నా చేతుల్లో లేదు, నిన్ను చూడడమే నా చేతుల్లో ఉంది" అనేది.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ అడ్మిషన్ రోజు తిరుగు ప్రయాణం. ఎండ మండిపోతోంది. బస్సులో ఇద్దరు కూర్చునే సీటు ఒక్కటే దొరికితే కిటికీ పక్కన పెద్దమ్మనీ, ఆమె పక్కన నన్నూ కూర్చోబెట్టి నాన్న నిలబడ్డాడు. ఊరు దాటకముందే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమెని నేను అలా ఎప్పుడూ చూడలేదు. కిటికీలోంచి ఎండ సూటిగా ఆమె మొహం మీద పడుతోంది. నాన్న చూసి, నా సర్టిఫికెట్లున్న కవరు తీసి అద్దానికి అడ్డంగా పట్టుకున్నాడు. చెయ్యి నొప్పి పుడితే ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంటున్నాడు. బస్సు కుదిపినప్పుడల్లా కవరు జరిగి ఎండ పడేది, వెంటనే సర్దేవాడు.

"చిల్లకల్లు, చిల్లకల్లు!" అని కండక్టరు అరిచాడు. నేను ఆమెని లేపబోయాను. నాన్న వద్దన్నట్టు తల ఊపాడు.

"పోనీయండి," అన్నాడు కండక్టరుతో, నెమ్మదిగా. "జగ్గయ్యపేటలో దిగుతాంలే."

బస్సు కదిలింది. నాన్న కవరు దించలేదు.