జాబితాలో అవ్వ

ఢిల్లీలో ఎవరికీ మెజారిటీ లేక, ఏ బిల్లూ కదలక, ఉన్నట్టుండి లోక్‌సభను రద్దు చేశారు. తాతను పోలింగు బూత్‌కు తీసుకెళ్లడానికి నేను హైదరాబాద్ నుంచి గద్వాల వచ్చాను. ఆయన ఇంతవరకు ఒక్క ఎన్నికా తప్పలేదు. అవ్వ పోయాక ఇదే మొదటిది.

బూత్‌లో తాత పేరు లేదు.

మనిషి కళ్లముందు నిలబడి ఉంటే ఎట్లా తీసేస్తారని గట్టిగా అరిచాను. లోపల కూర్చున్న పార్టీ ఏజెంటు మా వీధివాడే. జాబితా తిప్పి చూసి, "మామా, నువ్వు పోయినవంట. అత్తకు ఓటొచ్చింది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అవ్వ పోయిన రెండో నెలలో ఆమె పేరు తీసేయమని ఫోన్‌లో దరఖాస్తు పెట్టింది నేనే. సైటు మాటిమాటికీ ఆగిపోతుంటే ఒళ్లు మండి, ఒకే ఇంటి నంబరు కింద ఉన్న రెండు పేర్లలో దేన్ని నొక్కానో చూసుకోలేదు. విచారణకు కాగితం పట్టుకుని ఎన్నికల ఆఫీసు మనిషి వచ్చేసరికి తాత మగ్గం గుంటలో ఉన్నాడట. ఒంటికి అంచును అతుకుతూ నేసే కుప్పడం చీరకు ఇద్దరు కావాలి. అంచు దారపు నాడె అందించే అవ్వ లేదు కాబట్టి రెండు పనులూ ఆయనవే. మధ్యలో వదిలితే అంచు అతుకు చెడుతుందని, "మనుమరాలు నింపిందే గద" అంటూ, చదవకుండానే సంతకం పెట్టాడు.

బూత్ అధికారి ఆ ఇంటి నంబరు కింద మిగిలిన ఒక్క పేరునూ పైకి చదివాడు. అవ్వ పేరు, ఆ వెంటనే భర్త పేరు. తాత ఆమెను పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. ఆయన బల్ల మీదికి వంగాడు.

"ఇంకొక్కసారి సదువు సారూ."

అధికారి మళ్లీ చదివాడు. వెనకున్న వాళ్లు, ఎవరో వస్తున్నట్టు, జరిగి దారిచ్చారు.

బయటికొచ్చాక ఆ తప్పు నాదేనని చెప్పేశాను. అవ్వ పేరు తీయించి ఆయన పేరు ఇప్పుడే ఎక్కిస్తానని ఫోన్ తెరిచాను. తాత స్క్రీన్ మీద అరచెయ్యి పెట్టాడు.

"నన్ను ఎప్పుడన్న ఎక్కియ్యి బిడ్డా. ఆమెను మాత్రం తియ్యకు. ఆడ నా పేరు ఆమె పక్కనే ఉన్నది."

ఫలితాల్లో ఈసారీ ఎవరికీ మెజారిటీ రాలేదు. ఇంకో ఎన్నిక తప్పదంటున్నారు. తాత పేరు ఎక్కించాను. అవ్వది తీయలేదు. ఓటర్ల జాబితాతో ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లు ఈమె ఇంట్లో ఉందా అని అడిగితే, తాత తల ఎత్తకుండా ఉందనే అంటాడు. నేను కాదనలేను.