మావయ్య నొక్కిన బొత్తం

నా చిన్నప్పుడు మా నాన్న మీద నాకొచ్చిన కోపం ఒకటుంది. ఆయన పోయి చాలా కాలమైంది గానీ అది పోలేదు.

కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవు పక్కన వరస ఇళ్లలో ఉండేవాళ్లం. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబాలన్నిటికీ వాకిట్లో ఒకటే ఇనప కొళాయి, దానికి నీళ్లు తోడే మోటారు. ఎక్కడైనా కరెంటు లీకైతే సరఫరా ఆపేసే పెట్టె ఒకటి గోడకు ఉండేది. వానాకాలంలో దాని మీట మాటిమాటికీ పడిపోయి కరెంటు ఆగిపోయేది. అసలే గంటల తరబడి లోడ్‌షెడింగ్, తీరా కరెంటు వస్తే ఈ పెట్టె గోల. విసుగెత్తి మా నాన్న పెట్టెతో పనిలేకుండా పక్కనుంచి తీగ కలిపేశాడు. వాడంతా మెచ్చుకుంది.

అప్పట్నుంచి కొళాయి ముట్టుకుంటే నా వేళ్లు జుమ్మనేవి. నాన్నతో చెప్పాను. నీళ్లు మోయడానికి ఒళ్లొంగక సాకులు చెబుతున్నానని నవ్వేశాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అమ్మ తమ్ముడు, మా మావయ్య, కరెంటు పనిలో ఉండేవాడు. లైన్లలో లోపాన్ని పసిగట్టే పరికరాలు అసలు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడమే ఆయన ఉద్యోగం. ఎవరింటికెళ్లినా చెప్పులు విప్పకముందే పెట్టెకున్న పరీక్ష బొత్తం నొక్కేవాడు. ఓ ఆదివారం మా ఇంటికొచ్చినప్పుడూ అలాగే నొక్కాడు. పెట్టె మీట టక్కున పడింది. ఆరిపోవాల్సిన లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

మావయ్య మొహం కందగడ్డయింది. తీగ ఎవరు కలిపారని అడిగితే, పెట్టె పాడైందని, తానే కలిపానని నాన్న గొప్పగా చెప్పాడు. మావయ్య జేబులోంచి టెస్టర్ తీసి కొళాయికి ఆనించాడు. కొళాయిలో కరెంటుందన్నట్టు అందులో దీపం ఎర్రగా వెలిగింది.

"పెట్టి పాడవనేదు బావా, మోటారు పాడైంది. ఏదీ, ఆ కొళాయి మీద సెయ్యెట్టు," అన్నాడు.

నాన్న చెయ్యి కదల్లేదు.

"బయమేసిందేటి? రోజూ నీ కూతురు సెయ్యెడతంది."

నాన్న తల దించుకున్నాడు. నన్ను మాత్రం చూడలేదు. మావయ్య ఆ తీగ పీకేసి, మోటారు విప్పేశాడు. అది బాగయ్యేదాకా వీధి చివర నుంచి నీళ్లు మోసుకోవాల్సొచ్చింది. వాడంతా మావయ్యనే తిట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో ఆ బొత్తం నేనే నొక్కి చూస్తుంటాను. ఇల్లు చీకటై టీవీ ఆగిపోతే మనవరాలు విసుక్కుంటుంది. విసుక్కోనీ. చెయ్యి జుమ్మందని తను ఎప్పుడైనా అంటే మాత్రం, చేతిలో పని వదిలేసి లేస్తాను.