పేర్లు అడగని భద్రయ్య సార్

మా గురువుగారు భద్రయ్య సార్ మొన్న సోమవారం ఖమ్మంలో హఠాత్తుగా కన్నుమూశారు. ఫోన్లో ఆ మాట విని దిగ్భ్రాంతితో నిలబడిపోయాను. ముందురోజే నా వ్యాసంలో తప్పులు పట్టి పగలబడి నవ్విన మనిషి!

ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూనే, మనుషుల గుట్టు కాపాడుతూ సమాచారం సేకరించే విద్యపై ఆయన జీవితాంతం పరిశోధన చేశారు. "తాళం గట్టిగుంటే సాలదు బిడ్డా, దాచాల్సింది అసలు తీసుకోకుంటే ఇంకా మంచిది" అనేవారు.

పినపాక దగ్గరి అడవి పల్లెల్లో ఎన్ని కుటుంబాలు అడవి కొట్టి చేసే పోడు సేద్యం మీద బతుకుతున్నాయో తేల్చడం నా పరిశోధన. పట్టా లేని భూమి కదా, నిజం చెబితే లాక్కుంటారని జనానికి భయం. దానికి సార్ కనిపెట్టిన ఉపాయం రెండుగా చీల్చిన చింతపిక్క. ఇంటివాళ్లు చాట అడ్డం పెట్టుకుని పిక్క వేయాలి. 'పోడు చేస్తున్నారా?' అని మేమడిగితే, నల్లవైపు పడినవాళ్లు ఏదేమైనా 'అవ్', అంటే అవునని, అనాలి. తెల్లవైపు పడితే నిజం చెప్పాలి. ఎవరి 'అవ్' నిజమో మాకూ తెలియదు, కానీ దాదాపు సగం ఇళ్లకు నల్లవైపే పడుతుంది కనుక, అన్ని జవాబులూ కలిపి ఆ సగం 'అవ్'లు తీసేసి, మిగిలినవి రెట్టింపు చేస్తే మొత్తం లెక్క తేలుతుంది. ఒక అవ్వ పడీపడీ నవ్వింది.

"అబద్ధమాడుమని నేర్పే సారును గిప్పుడే సూస్తున్న!"

"నీకు నేర్పాల్నా అవ్వా?" అన్నారు సార్.

నేనేమో అతితెలివికి పోయాను. పిక్క ఏ వైపు పడిందో ఓరకంట చూసి, ఇంటి యజమాని పేరుతో సహా నోట్‌బుక్‌లో ఎక్కించాను. మెచ్చుకుంటారని చూపిస్తే, సార్ దాన్ని పక్కనున్న టీ హోటల్ పొయ్యిలో పడేశారు. నాలుగు నెలల శ్రమ! వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడువు బిడ్డా. పోయింది నీ నాలుగు నెలలే. ఆళ్ల భూమి పోలే."

మర్నాడే తానూ వెంట వచ్చి, మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టించారు. అదీ ఆయన శిష్యవాత్సల్యం.

లెక్క పూర్తయ్యాక ఒక అధికారి కాలేజీకి వచ్చి పోడు కొట్టినవాళ్ల పేర్లు ఇమ్మన్నాడు. సార్ సంతోషంగా పుస్తకం చేతికిచ్చారు. అందులో 'అవ్', 'కాదు' తప్ప ఏమీ లేవు.

"ఇందులో ఎవరెవరున్నరు సార్?"

"నాకూ తెల్వదు. చింతపిక్కనే అడగాలె."

అధికారికీ నవ్వాగలేదు. నేను మాత్రం చెమటలు తుడుచుకున్నాను. ఆ పాత నోట్‌బుక్ మిగిలి ఉంటే, ఆ పేర్లన్నీ అతని చేతికి చిక్కేవి.

అంత్యక్రియలకు ఆ పల్లెల నుంచి రెండు జీపుల నిండా జనం వచ్చారు. ఒక్కొక్కరే సార్ పాదాల దగ్గర నిలబడి, తమ పేరూ ఊరూ గట్టిగా చెప్పి దండం పెట్టారు. ఎందుకలా అని అడిగాను.

"సారు మా పేరు ఎన్నడడగలే గద. ఇప్పుడన్న తెల్వాలె."

అటువంటి గురువు మళ్లీ దొరకరు. సార్, మీకు నా పాదాభివందనం. వాళ్ల పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. ఎక్కడా రాయను.