ఉస్తాద్ అరచెయ్యి

నాంపల్లిలో ఆ ముసలి మెకానిక్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. బండిలో ఏ లోపమున్నా, నడుస్తుండగా దాని అడుగు రేకు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చెప్పేసేవాడు.

నా రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుకు నేను పెద్ద ఇంజన్ పెట్టించాను. ఆ బలానికి వెనక యాక్సిల్ రెండుసార్లు విరిగింది. ఇక జన్మలో విరగకూడదని, పాత జీపు యాక్సిల్ ఒకటి కొని ఆటో ట్రాలీలో ఆయన షెడ్డుకు మోయించాను.

"ఇది ఇరగదమ్మా," అన్నాడు ఉస్తాద్. "కానీ గింత బరువు కింద ఏస్తే గుంతలల్ల బండి ఎగురుతది. యాక్సిల్ మంచిగుంటది, మీ నడుము ఇరుగుతది."

వారం రోజులు తిరిగి, ఒక పాత వ్యానుది పట్టుకొచ్చాడు. జీపుదానికన్నా తేలిక, నాదానికన్నా గట్టిది. అది బిగించాక ఇద్దరం అబిడ్స్ మీదుగా బయల్దేరాం. నేను నడుపుతుంటే, ఆయన సీట్ల వెనక రేకు మీద చెయ్యి ఆనించాడు. ముఖం చిన్నబోయింది.

"బండి వణుకుతున్నది," అన్నాడు.

మొజంజాహీ మార్కెట్ దగ్గర ఇంజన్ ఆపించాడు. ఆయన చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. దాన్ని చూసుకున్నాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"అమ్మా, జర మీరిటు కూసోన్రి. నేను నడుపుత. చెయ్యి గీడ పెట్టి చెప్పున్రి."

సీట్లు మారాం. బండి కదిలింది. నా అరచేతి కింద రేకు నెమ్మదిగా, ఒకే తీరుగా గుర్రుమంటోంది.

"వణుకు లేదు, ఉస్తాద్."

"అయితే బండిది కాదు," అన్నాడు, పెద్ద బరువు దిగినట్టు నవ్వి, ఆ చేత్తోనే గేరు మార్చాడు.