కోతలు అయ్యాక

ఫిలోమినా సముద్రం ఒడ్డున పుట్టింది. ఇంటి వెనకే చేపల రేవు, వేసవి పొడుగునా పొగమంచు. పెళ్ళయి కొండకి ఇవతల ద్రాక్షతోటలోకి వచ్చిపడింది. కారులో రెండు గంటల దారి, అంతే. పుట్టింటికి పోదామని అడిగినప్పుడల్లా మొగుడు ఎల్డోది ఒకటే మాట: "కోతలు అయ్యాక చూద్దాం." కోతలు అయ్యాక కొమ్మల కత్తిరింపు, అదయ్యాక చిగుళ్ళకి మంచు కొట్టకుండా కాపలా. ఆ ఇంట్లో తీగకున్న విలువ మనిషికి లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె పుట్టింటి గడప తొక్కింది తల్లి పోయినప్పుడూ, తండ్రి పోయినప్పుడూ.

ఈ జూలైలో తమ్ముడు గిల్బర్ట్ పోయాడు. పడవ మీద బతికినవాడు, తన బూడిద సముద్రంలోనే కలపమన్నాడు. శనివారం మధ్యాహ్నం పడవ కదులుతుంది. రేవు నోట్లో ఇసుక మేట ఉంది, పోటు తగ్గకముందే దాటాలి. "అత్తా, నీకోసం ఆపుదామన్నా ఆగదు. పోటు నా మాట వినదు," అని మేనల్లుడు నెల్సన్ ఫోన్లో మరీ మరీ చెప్పాడు.

శనివారం పొద్దున్నే ఫిలోమినా నల్లగౌను వేసుకుని కారులో కూర్చుంది. ఎల్డో కూడా టై కట్టుకున్నాడు. బతికున్నన్నాళ్ళూ బావమరిదిని "చేపలకంపుగాడు" అన్న నోటితోనే, "గిల్బర్ట్ లాంటి మనిషి మళ్ళీ పుట్టడు" అన్నాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు మరి!

మొదటి మలుపు దగ్గరే కారు ఆపాడు. ఎవరి తోటలోనో గుత్తులు రంగు తిరిగాయో లేదో చూసి రావాలట. రెండోసారి ఆపింది వైన్ రుచి చూపించే కొట్టు ముందు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఎల్డోకి పొరుగువాడి వైన్ ఏనాడూ రుచించదు. రుచించదని తేల్చుకోడానికైనా తాగాలి.

"ఎల్డో, టైమవుతోంది."

"రెండు నిమిషాలే. గిల్బర్ట్ పేరు చెప్పి ఒక్క గుక్క తాగొద్దూ?"

"వాడి పేరు తర్వాత చెబుదువుగానీ, ముందు వాడి దగ్గరికి పద."

"ఆగవే బాబూ! నీకన్నీ తొందరే."

మూడోసారి ఇంకో వైన్ కొట్టు ముందు పాత స్నేహితుడు దొరికాడు. ఇద్దరూ చెట్టు కింద చేరి నీళ్ళ కరువు గురించి మాట్లాడుకుంటుంటే, ఫిలోమినా మండుటెండలో కారులోకి చెయ్యి పెట్టి హారన్ కొట్టింది. తాళాలు ఎల్డో జేబులో ఉన్నాయి. అతను వస్తున్నా వస్తున్నా అన్నట్టు చెయ్యి ఊపి, ఒక సీసా కొనుక్కుని తీరిగ్గా వచ్చాడు.

కొండ దిగేసరికి పొగమంచు కమ్మేసింది. రేవులో పడవ లేదు. గట్టున బెంచీ మీద గిల్బర్ట్ పక్కింటి ముసలి ఇర్మా ఒక్కతే కూర్చుంది, మోకాళ్ళ నొప్పులతో పడవ ఎక్కలేక.

"ఇప్పుడే దాటారమ్మా," అంది ఇర్మా. "నెల్సన్ ఆఖరి నిమిషం దాకా రోడ్డు వంకే చూశాడు. ఆ తర్వాతే తాడు విప్పాడు. బూడిద కలిపేటప్పుడు గంట కొడతారు, విను."

ముగ్గురూ విన్నారు. ఎదురుగా తెల్లగా ఏమీ కనబడని చోటి నుంచి గంట మోగింది. ఫిలోమినా బావురుమంది.

ఎల్డో సీసా పట్టుకుని దగ్గరికొచ్చాడు. "వాడికోసమే కొన్నాను. నీళ్ళలో పోద్దామా?"

ఆమె గంట మోగిన వైపుకి తిరిగింది. అతను కాసేపు నిలబడి గడియారం చూసుకున్నాడు. "ఫిలో, ఇక పద. సాయంత్రం తోటకి నీళ్ళు పెట్టాలి."

ఫిలోమినా కళ్ళు తుడుచుకుని ఇర్మా పక్కన కూర్చుంది.

"నువ్వెళ్ళు."

"మరి నువ్వెప్పుడొస్తావు?"

"కోతలు అయ్యాక చూద్దాం."

ఎల్డో నవ్వాడు. ఆమె నవ్వలేదు.