శుభలేఖలో నా పేరు

నా పేరు పుల్లమ్మ. డెబ్బై దాటి చాలా కాలమైంది. విడవలూరు దగ్గర పల్లెలో కొడుకు, కోడలు, మనవరాలు సుమతితో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సుమతే దీన్ని అందరూ చదివేలా ఫోనులో పెడుతోంది.

నిన్న దాని నిశ్చితార్థం. భోజనాలయ్యాక పెరట్లో పోసిన ఎంగిలాకుల వాసనకు మా అమ్మ గుర్తొచ్చింది. నాకు ముందు పుట్టిన నలుగురూ పేరు పెట్టకముందే పోయారు. నేనైనా దక్కాలని నన్ను ఎంగిలాకుల మీద దొర్లించి పుల్లమ్మ అన్నారు. ఎంగిలాకును పుల్లాకు అనేవాళ్ళం కదా. అమ్మ నన్ను ముద్దుగా ఒక్కసారీ పిలవలేదు, పిలిస్తే నేనూ పోతానని భయం.

మా ఈడు వాళ్ళారా, మన వీధుల్లో ఎందరు పుల్లయ్యలు, పెంటమ్మలు ఉండేవాళ్ళో గుర్తుందా? ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో పుడుతున్నారు, పుట్టినవాళ్ళు బతుకుతున్నారు. ఆ పేర్లతో పని లేకుండా పోయింది. మంచిదే.

కానీ రాత్రి సుమతి అంది: "అవ్వా, శుభలేఖలో పూర్ణిమ అని ఏపిస్తా. పుల్లమ్మంటే మా అత్తగారోళ్ళు నవ్వతారు."

"నవ్వనీమే. ఆ పూర్ణిమ ఎవురో నాకు తెలీదు."

ఆ నలుగురినీ పూడ్చిన తోట ఇప్పుడు రొయ్యల గుంట. వాళ్ళు పుట్టారనడానికి నా పేరొక్కటే మిగిలింది. దాన్ని కొట్టేయనివ్వను.

దీని కింద సుమతి పెట్టిన ఫొటోలో ఉన్నది నా వేలిముద్ర.

సాక్షులు: ఎదురింటి మస్తానమ్మ,
పుల్లమ్మ మనవరాలు సుమతి.