గురువులు మావ తొక్కని తోవ

మా గురువులు మావ ఎక్కడికి వెళ్ళాలన్నా, అక్కడికి ఎన్ని దారులున్నాయో అన్నీ తిరిగి చూసిగానీ ఒకటి ఎంచుకోడు. ఎంచుకున్నాక కూడా, వెళ్ళిన దారిన తిరిగి రాడు. ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడ దిగే బస్తాలకు టాలీ రాయడం ఆయన ఉద్యోగం. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అడ్డంగా ఒకటి, అయిదు బస్తాలు. ఇరవై ఆరేళ్ళుగా అదే పని, అదే ప్రశ్న: "బానే ఉంది గానీ, ఇంకో తోవ నేదేటి?"

ఆయన పెళ్ళి బడ్జ్ బడ్జ్‌లో. ముహూర్తానికి ముందు వారం రైల్లో ఒకసారి, బస్సులో ఒకసారి, జనపనార లారీ మీద ఒకసారి అక్కడికి వెళ్ళొచ్చాడు, ఏది నమ్మకమైనదో తేల్చుకుందామని. మూడుసార్లూ పెళ్ళికూతురి వీధి మొగ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. పెళ్ళికొడుకు ఎంత తొందరపడుతున్నాడో అని ఆడపెళ్ళివారు మురిసిపోయారు. తీరా పెళ్ళిరోజున, నాలుగో దారి ఒకటుందని ఎవరో చెప్పారు. మావ చేరేసరికి ముహూర్తం దాటి గంటయింది. కాసులమ్మత్త ఆ గంటని ఇప్పటికీ క్షమించలేదు.

"యముడొచ్చి నడవమన్నా ఇంకో తోవ నేదేటంటాడర్రా మీ మావ!" అంటుంది.

"అడిగితే తప్పేటి? ఆడికి మాత్రం ఒక్క తోవే ఉంటాదేటి?" అంటాడు మావ.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బి.కామ్ రెండో ఏడులో కాలేజీ మానేశాను. విసుగొచ్చింది, అంతే. ఆ తర్వాత ఏడాదిలో మూడు ఉద్యోగాలు మారాను. ఇంట్లోవాళ్ళే కాదు, వీధి చివర పాన్ కొట్టు బెంగాలీ దాదా కూడా నన్ను తిట్టాడు. మావ ఒక్కడే తిట్టలేదు. నేను మానేసిన సంగతి ఆయన మరిచిపోయి ఉంటాడనుకున్నాను.

2003లో మా అక్క జయలక్ష్మికి ఎం.బి.ఏ. అవసరం పడింది. అక్క ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే ఆమె మీద అధికారులై కూర్చున్నారు. మేనేజిమెంటు డిగ్రీ లేనివాళ్ళకి సెక్షన్ అప్పగించేది లేదని ఆఫీసువాళ్ళు తేల్చి చెప్పారు. డిగ్రీ తెచ్చుకోవడానికి మూడు మార్గాలు కనిపించాయి. ఉద్యోగం మానేసి రెండేళ్ళు పగటి కాలేజీ. ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ళు సాయంత్రం కాలేజీ. లేదంటే ఇంట్లో కూర్చుని పోస్టులో వచ్చే పుస్తకాలు చదువుకోవడం. మూడింటికీ జులై ఆఖరి వారంలో గడువు తీరిపోతుంది. ఈ ఏడు తప్పితే మూడో కుర్రాడు కూడా నెత్తిన కూర్చుంటాడు.

అక్క చేసిన పొరపాటు ఒక్కటే. మావని సలహా అడిగింది.

"ఆగమ్మీ," అన్నాడు మావ, చొక్కా తొడుక్కుంటూ. "తొక్కి సూడకుండా ఎలగ సెప్పను?"

ముందు పగటి కాలేజీకి వెళ్ళాడు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదట. తెల్లచొక్కా, నెరిసిన జుట్టు, చేతిలో టాలీ రాసే పలక. ఎవరో పెద్దమనిషి అనుకుని క్లాసులో కూర్చోబెట్టి నీళ్ళు కూడా ఇచ్చారట.

"ఏం చెప్పారు మావా క్లాసులో?"

"గోడౌనులో సరుకు ఎలగ తగ్గిపోద్దో సెప్పేరమ్మీ. మా సెడ్డుకొస్తే నేను సూపిస్తానన్నాను. పిల్లలు మంచోళ్ళే, ఒక్కడూ బస్తా ముట్టుకున్నోడు కాడు. రెండేళ్ళయ్యాక కంపెనీలే గుమ్మంలోకొచ్చి తీసుకెళ్తాయంట. ఆవులింతలు పదకొండు."

"ఆవులింతలేమిటి?"

మావ పలక చూపించాడు. రెండు కట్టలు, పైన ఒక గీత. క్లాసులో ఎవరు ఆవులించినా టాలీ వేశాడు.

సాయంత్రం కాలేజీకి, అక్క ఆఫీసు వదిలే వేళకి సరిగ్గా బయల్దేరి, ఒకరోజు ట్రాములో, ఒకరోజు బస్సులో వెళ్ళొచ్చాడు. బస్సయితే మొదటి పావుగంట పాఠం పోతుందని కనిపెట్టాడు. అక్కడ ఆవులింతలు నలభై మూడు.

"అయితే అది లాభం లేదన్నమాట," అన్నాను నేను.

"నీ మొకం. ఆల్లంతా పొద్దుటేల నుంచీ పన్జేసి వచ్చినోల్లురా. అయ్యోరు ప్రెశ్న అడిగితే సాలు, కునుకు ఆపి లేసి మా ఆపీసులో ఇలగైందని సెప్తన్నారు. పాఠం కన్నా అదే బాగుంది."

పోస్టు చదువు మాత్రం తొక్కి చూడ్డం ఎలా? దానికీ ఉపాయం కనిపెట్టాడు. నాచేత ఒక సందేహం రాయించి ఆ సంస్థకి పంపాడు. జవాబు ఎన్నాళ్ళకొస్తుందో, అదే ఆ దారి పొడవు అన్నాడు. రోజుకో గీత వేస్తూ పోస్ట్‌మాన్ కోసం వీధిలో నిలబడ్డాడు. అక్క గడువు దగ్గరపడుతోందని గోల పెట్టింది. మావ కదల్లేదు.

"ఉత్తరం రానీ అమ్మీ. సగం తోవలో తీర్పు సెప్పకూడదు."

ఇదిలా ఉండగా నాకు ఒకటి అంతుపట్టలేదు. సాయంత్రం కాలేజీని మావ చూసేశాడు కదా. మరి మళ్ళీ మళ్ళీ అటే ఎందుకు వెళ్తున్నాడు? మూడోసారి వెళ్ళాడు. నాలుగోసారీ వెళ్ళాడు. అడిగితే, "ఇంకో తోవ ఉందేమో సూద్దారని," అన్నాడు. ఉన్న దారులన్నీ అయిపోయాయి, మతి కూడా పోతోందనుకున్నాను.

ఇరవై మూడో రోజు, గురువారం, జవాబు వచ్చింది. 'మీ సందేహం అందినది' అని ఒక్క ముక్క. అక్క కాగితం మడిచి మావ చేతిలో పెట్టింది.

"సాయంత్రం కాలేజీలోనే చేరతాను మావా. నిద్రొస్తే రానీ, జీతం తీసుకుంటూనే ఆవులిస్తాను."

"తొక్కడం నాది, ఎంచుకోడం నీది," అన్నాడు మావ.

ఆ కాలేజీ గడువు మర్నాడు, శుక్రవారం నాలుగు గంటలకి. రెండున్నరకి ముగ్గురం ట్రామెక్కాం. మైదానం మధ్యలో ట్రాము ఆగిపోయింది. ముందు ఇంకో నాలుగు ట్రాములు ఆగి ఉన్నాయి. ముందు ధర్మతల్లా కూడలంతా ఎర్రజెండాల ఊరేగింపు. సాయంత్రం దాకా కదలదు, దిగి నడుచుకోండన్నాడు కండక్టరు. కాలేజీ ఊరేగింపుకి అవతల వైపుంది.

"అంతా నీ ఉత్తరం మూలంగానే మావా!" అంది అక్క, ఫారం ఉన్న సంచిని గుండెకి అదుముకుని. "నిన్ననే... మొన్ననే ఇచ్చేసి ఉంటే!"

మావ మొహం వెలిగిపోయింది. ఇంత కష్టంలో ఒక మనిషి అంత సంతోషపడటం నేను చూళ్ళేదు.

"రండి! ఏరు దాటి ఎల్లిపోదాం."

గడ్డిలో పడి బాబూఘాట్‌కి పరుగెత్తాం. లాంచీలో నది దాటి హావ్‌డాలో దిగాం. అక్కడ బస్సు పట్టుకుని, వంతెన మీదుగా మళ్ళీ నది దాటి ఇవతలికి వచ్చాం. ఒకే నదిని ఒకే మధ్యాహ్నం రెండుసార్లు దాటాల్సి వచ్చింది. కానీ ఊరేగింపు మాకు ఎక్కడా తగల్లేదు. మూడు గంటల యాభై రెండు నిమిషాలకి అక్క కిటికీలోంచి ఫారం లోపలికి తోసింది.

లోపల కళ్ళద్దాల పెద్దగుమాస్తా దానిమీద ముద్ర కొట్టి, తలెత్తి మావని చూసి నవ్వాడు. "అరే మామా, ఆబార్!" మళ్ళీ వచ్చావా అని. తర్వాత అక్కతో బెంగాలీలో అన్నాడు:

"నీ వివరాలు మొదటిరోజే కనుక్కున్నాడమ్మా. ఆ తర్వాత తిరిగిందంతా నీ తమ్ముడి కోసం. బి.కామ్ మధ్యలో ఆపేశాడట కదా, వాడికి దారి లేదా అని. లేదంటే వింటాడా? ఇంకో దారి, ఇంకో దారి అని నా ప్రాణం తీశాడు. చివరికి యూనివర్సిటీలో కనుక్కుని చెప్పాను. మిగిలిన పేపర్లు బయటినుంచి రాసుకోవచ్చు. ఫారం మొన్ననే ఇచ్చానే!" నా వైపు చూశాడు. "ఇతనేనా?"

అక్క నా వైపు చూసింది. నేను మావ వైపు చూశాను. మావ కప్పు వైపు చూశాడు.

"ఊరికే అడిగేనురా సోములూ," అన్నాడు చివరికి. "తెలిసుంటే మంచిదే గదా. ఎల్లమని నేనన్నానేటి?"

జేబులోంచి నాలుగు మడతల ఫారం తీసి ఇచ్చాడు. వెనక టాలీ గీతలున్నాయి. మూడు కట్టలు, పైన రెండు గీతలు.

"ఇవేమిటి మావా? ఆవులింతలా?"

"అడిగిన కిటికీలు. పదారింట్లో నేదన్నారు."

ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. ముగ్గురం రోడ్డు మీదికి వచ్చాం. ఊరేగింపు అయిపోయినట్టుంది, ఖిదిర్‌పూర్ వెళ్ళే బస్సు ఎదురుగా ఆగి ఉంది. అక్క ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"మావా," అన్నాను, "ఇంటికి ఇంకో తోవ నేదేటి?"

అక్క కాలు దించేసింది. మావ అప్పటికే నడవడం మొదలుపెట్టాడు.